రేడియో పెద్దమ్మ

మా అమ్మ ఇరవై రెండేళ్లకే ఊరందరికీ పెద్దమ్మ అయింది. ఆ రోజుల్లో సాయంత్రాలు రేడియోలో రైతులకి పాఠాలు వచ్చేవి. వ్యవసాయ అధికారి రాసిచ్చింది ఊరికే చదివితే ఎవరు వింటారని, ఒక పెద్దమ్మ కోడలికి చెబుతున్నట్టు నాటకంగా మార్చారు. పెద్దమ్మ వేషం అమ్మకి దక్కింది. గొంతు బొంగురు చేసి, మధ్యలో కాస్త దగ్గి, "ఒసే కోడలా, గింజ మొలుస్తుందో లేదో చూసుకోకుండానే చల్లేస్తారటే?" అని గదమాయించేది.

అమ్మ పుట్టి పెరిగింది అచ్చాఫీసు మీది మేడలో. పొలాన్ని రైలు కిటికీలోంచి తప్ప చూసి ఎరగదు.

నాన్న అదే స్టూడియోలో చప్పుళ్ల మనిషి. జల్లెడలో బఠాణీలు దొర్లిస్తే వాన. చెక్కపెట్టె మూత కిర్రుమనిపిస్తే బండి. పాత పేపర్లు నలిపితే మొక్కజొన్న చేలో గాలి. ఆయనా పట్నం పక్షే. అప్పటికి వాళ్లిద్దరికీ ఇంకా పెళ్లి కాలేదు.

ఒక ఊళ్లో రైతులంతా ఒకచోట చేరి పాఠం వినేవాళ్లట. పెద్దమ్మని ఒక్కసారి చూడాలని కబురు పెట్టారు. అమ్మా నాన్నా బస్సెక్కి వెళ్లారు. బస్సు ఆగేచోట ఒకాయన కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు, పెద్దావిడ నడవలేదేమోనని! అమ్మ చెంగున దిగింది. ఆయన ఆమె వెనక్కి తొంగిచూశాడు.

"మీ అత్తగారు రాలేదా అమ్మా?"

"నేనేనండీ పెద్దమ్మని."

"పెద్దవాళ్లతో ఎగతాళా?"

అమ్మ అటు తిరిగి దగ్గింది. "కుర్చీ తెచ్చావు సరే, మంచినీళ్లేవి నాయనా?"

ఆయన చేతిలో కుర్చీ జారిపోయింది. చుట్టూ ఉన్నవాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు.

అప్పుడు అమ్మ ఈడు మనిషే ఒకావిడ తడిగుడ్డ మూట విప్పింది. లోపల మొలకెత్తిన మొక్కజొన్న గింజలు, పెద్దమ్మకి చూపించాలని మళ్లీ కట్టినవి.

"మీరు చెప్పినట్టే ముందు మూటకట్టి చూశాను. కిందటేడు విత్తనంలో సగానికి సగం మొలవలేదు. మార్చేశాను. ఇప్పుడు చేనంతా ఒక్కలా లేచింది, రండి చూద్దురుగాని."

ఆ పాఠం అమ్మకి కంఠతా వచ్చు. మొలకని అరచేతిలో పెట్టుకోవడం మాత్రం అదే మొదలు. తెల్లటి వేరు తాకి, "అయితే నిజమేనన్నమాట!" అని నోరు జారింది.

"మీకే నమ్మకం లేదా పెద్దమ్మా?" అని ఆవిడ పకపకా నవ్వింది.

నాన్న చేలో కళ్లు మూసుకుని నిలబడిపోయాడు. "ఇన్నాళ్లూ తప్పు గాలి వీయించానే," అని గొణిగి, కిందటి పంట ఎండుటాకులు ఒక మోపు కట్టించుకున్నాడు. తిరుగు బస్సులో జనం విసుక్కుంటుంటే, అమ్మ ఆ మోపు తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. "అక్కడే పడిపోయాను," అనేవాడు నాన్న, తమ పెళ్లి సంగతి ఎత్తినప్పుడల్లా.

తర్వాత ఆ పాఠాలు ఆగిపోయాయి. నాన్న కూడా పోయాడు. నేను బడిలో టీచర్ని. మొన్నామధ్య మా క్లాసు పిల్లల చేత బడి మేడ మీద రంగుడబ్బాల్లో మొక్కజొన్న వేయించి, వారానికో పాఠం రికార్డు చేసి వాళ్ల ఇళ్ల ఫోన్లకి పంపాలనుకున్నాం. గొంతు కోసం అమ్మనే అడిగాను.

"బొంగురు చేయనా?"

"అక్కర్లేదమ్మా, ఇప్పుడున్నది చాలు."

దిండు నా మీదికొచ్చింది. అయినా ఫ్యాను ఆపి, తలుపులేసుకుని, ఒక్క తప్పూ లేకుండా చెప్పింది.

మర్నాడే ఒక చిన్నపిల్ల గొంతు ఫోన్‌లో వచ్చింది. "పెద్దమ్మా, రోజూ నీళ్లు పోస్తున్నా నా గింజ లేవట్లేదు. నిద్రపోతోందా?"

అమ్మ నవ్వబోయి ఆగిపోయింది. "రేడియోలో ఎవరూ ఎదురడిగేవాళ్లు కాదే. నేనేనాడూ ఒక్క మొక్క పెంచిన పాపాన పోలేదు. ఏం చెప్పను దీనికి?"

ఆ సాయంత్రం తనే వెళ్లి మట్టీ, డబ్బా, గింజలూ తెచ్చుకుంది. ముద్దుకొద్దీ నీళ్లు పోసి, వారం తిరక్కుండానే సగం గింజలు కుళ్లబెట్టింది. దాచుకోలేదు. "తల్లీ, నావీ కుళ్లిపోయాయే. నీళ్లెక్కువైనట్టున్నాయి. నీ గింజ మెల్లిగా తవ్వి చూడు, మెత్తబడితే తీసేసి ఇంకోటి పెట్టు," అని పంపింది. అంతే, పెద్దమ్మ గింజలే కుళ్లాయని తెలిసి పిల్లలందరికీ ధైర్యం వచ్చింది. ఫోన్ మోగడం ఆగలేదు.

నిన్న నేను ఇంటికొచ్చేసరికి అమ్మ బాల్కనీలో ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. చేతులనిండా మట్టి, భుజానికీ చెవికీ మధ్య ఫోన్. అన్నం తిన్నావా అని అడగబోయాను.

"ఉండవే, దానిది మొలిచిందట! చెబుతోంది, విననీ."