చివరి పదకొండుమంది దాతలు

పిల్లల ఆసుపత్రికి ఎదురుగా ఉన్న ఆ ఉచిత వసతి గృహంలో దాత పేరు లేని వస్తువు లేదు. ఫ్యాను మీద ఒకరి పేరు, మంచం మీద ఇంకొకరిది, బకెట్టు ఒకరిది, మగ్గు వేరొకరిది. పొద్దున లేచి మొహం కడుక్కునేలోపే అయిదుగురు పుణ్యాత్ముల దర్శనం అయిపోతుంది.

ఇంత వైభోగమూ ఎవరికైనా ముప్పై రోజులే. కమిటీ వారి దృష్టిలో ఏ జబ్బైనా ముప్పై రోజుల్లో నయమైపోవాలి. మూడో నంబరు గదిలో దిగిన పెయింటరు కూతురి జబ్బుకి మాత్రం ఈ నిబంధన ఎవరూ చదివి వినిపించలేదు. తొమ్మిదేళ్ళ పిల్ల. రక్తంలో జబ్బు. ఆరు వారాలకి తక్కువ పట్టదని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. వార్డులో తల్లి ఒక్కతే ఉండాలి. ఆమె వచ్చి స్నానం చేసి కాసేపు నడుం వాల్చేదీ, అతను వంట చేసి క్యారియర్ కట్టేదీ ఈ గదిలోనే. గది పోతే రోడ్డున పడ్డట్టే.

పెయింటరు షాపుల బోర్డులు రాసే మనిషి. రోజుకి పది బోర్డులు అవలీలగా లాగేసేవాడు. వచ్చిన వారానికి మేనేజరు ఈ విషయం కనిపెట్టి, దాతల పేర్లు వెలిసిపోయాయి, తిరగరాసి పెట్టమని అడిగాడు. పని పూర్తయ్యేదాకా గది ఖాళీ చెయ్యనక్కర్లేదని కమిటీని ఒప్పించాడు కూడా.

ఆ మాట చెవిన పడ్డాక ప్రపంచంలో అంత నిదానమైన పెయింటరు ఇంకొకడు లేడు. పొద్దున ఒక అక్షరం రాసేవాడు, మధ్యాహ్నం దాన్ని దూరంనుంచి చూసేవాడు, సాయంత్రం వంకర పోయిందని తుడిచేసేవాడు. మబ్బు తునక లేని రోజున కూడా గాలిలో తేమ ఎక్కువై పెయింటు ఆరడం లేదనేవాడు. చెయ్యేమో పరిగెత్తబోయేది, దాన్ని పట్టి ఆపలేక చచ్చేవాడు. ఇంట్లో ఒక్క గోడకి రంగు వెయ్యడానికి నాలుగేళ్ళు తిప్పావుగా, ఆ అనుభవం ఇప్పుడు అక్కరకొచ్చిందని పెళ్ళాం దెప్పింది. మేనేజరు మాత్రం ఏం చెప్పినా తలూపేవాడు. ఇంత అమాయకుణ్ణి మోసం చేస్తున్నందుకు పెయింటరుకి సిగ్గుగా ఉండేది.

ఎంత సాగదీసినా నలభయ్యో రోజుకి పేర్లు అయిపోవచ్చాయి. ఆ మధ్యాహ్నమే మేనేజరు ఇంకో కాగితం తెచ్చిచ్చాడు. కొత్త దాతలట, పదకొండుమంది. బెంచీలకీ, మెట్లకీ, చివరికి చెత్తబుట్టలకీ వీళ్ళ పేర్లు రాయాలట.

నలభై ఆరో రోజున డాక్టరమ్మ పిల్లని ఇంటికి తీసుకెళ్ళమంది. మందులు వాడాలి, నెలకోసారి చూపించాలి, గండం మాత్రం గడిచింది. పెయింటరు ఒక్క పరుగున వచ్చి, మిగిలిన పది పేర్లూ రెండు గంటల్లో రాసిపారేశాడు. మేనేజరు పక్కన నిలబడి చూస్తూనే ఉన్నాడు. ఇంక దాచేదేముందని పెయింటరు ఉన్న మాట చెప్పేసి, ఇన్నాళ్ళూ ఎదురుచూసిన ఆ పెద్దమనుషులకి తన తరఫున క్షమాపణ చెప్పమన్నాడు.

"ఏ పెద్దమనుషులండీ? వాళ్ళంతా మా అత్తారివైపు చుట్టాలు" అన్నాడు మేనేజరు. "నా పెళ్ళై ఇరవయ్యేళ్ళు. కాసిన్ని మంచినీళ్ళు కావాలా అని అడిగిన పాపాన పోలేదు ఒక్కరూ. మీ పాప పుణ్యమా అని దాతలైపోయారు."

పెయింటరుకి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చేశాడు. కళ్ళు తుడుచుకుని, చుట్టాలు ఇంకా మిగిలితే చెప్పండి, వాళ్ళ పేర్లు కూడా రాసేసి వెళ్తానన్నాడు.

"మా ఆవిడ మేనమామలు ముగ్గురున్నారు. మీకు మాత్రం ఇవ్వను" అన్నాడు మేనేజరు. "రెండో నంబరు గది వాళ్ళకి రేపటితో ముప్పై రోజులు. ఆయన జన్మలో కుంచె పట్టలేదట. నెమ్మదిగా రాస్తాడు."