పదికి మూడు

ఆట గెలిపించమని దేవుణ్ణి అడగవచ్చా, అడిగితే తప్పా అన్న సందేహం స్టాన్లీ వోయ్తాస్‌ను ముప్పై ఏళ్లుగా వదల్లేదు. చర్చిలో ఆదివారం పూజలో మోకాళ్ల మీద ఉండగానే మధ్యాహ్నం జరగబోయే అమెరికన్ ఫుట్‌బాల్ ఆట గుర్తొచ్చేది. అడిగేవాడు. జట్టు ఓడేది. అవతలి ఊళ్లోనూ ఎవడో మోకాళ్ల మీద ఉండి ఉంటాడులే అని సరిపెట్టుకునేవాడు.

ఇప్పుడు అడగాలనుకుంటున్నది వేరు. ఈ ఆట నుంచి తనను విడిపించమని.

స్టేడియంలో తండ్రి నుంచి వచ్చిన సీటు అతనిది. ఏటా వసంతంలో మళ్లీ కావాలని సంతకం పెట్టి పంపాలి. ఒక్క ఏడు మానేస్తే ఎదురుచూసే మరొకడికి పోతుంది, ఇక జన్మలో రాదు. గడువు సోమవారం. కాగితం కోటు జేబులోనే ఉంది. దాని పక్కన జీన్ కూబియాక్ చేతి తొడుగులు కూడా. తొమ్మిదేళ్ల కిందట మంచు తుఫానులో జీన్ ఇచ్చాడు. "వచ్చే ఆటకి ఇస్తాలే" అంటూనే ఉన్నాడు స్టాన్లీ.

పైకప్పు లేని ఆ స్టేడియంలో, ఊరి పక్క సరస్సు మీంచి వచ్చే డిసెంబరు గాలికి అతని మోకాళ్లు ఇక ఆగడం లేదు. అయినా మానలేడు. పక్క సీటు జీన్‌ది. భార్య హెలెన్ పోయాక జీన్‌కు మిగిలినవి ఆ ఆదివారాలే. మంచులో అతణ్ణి ఒంటరిగా ఎలా వదిలేయడం?

ఆ రోజు ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సుకాలపు శుక్రవారం, మాంసం ముట్టని రోజు. చర్చి కింది హాల్లో వేయించిన చేప వాసన నిండిపోయింది. ఆటలు లేని నెలల్లో జట్టులోకి ఎవరిని తెచ్చారు, ఎవరిని పంపేశారని చూసి ఏటా ఇద్దరూ ఇక్కడే పదికి ఇన్నని మార్కులు వేస్తారు. పళ్లేల కింది కాగితం చెరో ముక్క చించి, చాటుగా రాసి, ఒకేసారి తిప్పుతారు. జీన్ ఏళ్ల తరబడి ఎనిమిదికి తగ్గలేదు. అతని మనసు నొప్పించలేక స్టాన్లీ ఏడు వేసేవాడు. వేశాక సంతకం పెట్టక తప్పేది కాదు.

"బంతి విసిరేవాడికి అడ్డు నిలబడేవాళ్లలో ఇద్దర్ని పంపేశారు," అన్నాడు జీన్, చేప మీద నిమ్మకాయ పిండుతూ. "బదులుగా ఒకణ్ణి తెచ్చారు. భుజానికి రెండు ఆపరేషన్లట."

"మూడు."

"పోనీలే, అలవాటైపోయుంటుంది."

"బంతి పట్టుకుని పరిగెత్తడానికి కొన్నవాడికి ముప్పై రెండేళ్లు."

"అనుభవం ఉంటుందయ్యా."

"నా మోకాళ్లకీ ఉంది. నన్నెవడూ కొనలేదు."

బంగాళదుంపలు వడ్డిస్తున్న స్టాన్లీ భార్య డొలోరెస్ ఆగింది. "తొందరగా రాయండి. కుర్చీల కోసం జనం నిలబడ్డారు. ఇవి కూడా మీ పేరున రాసిచ్చారనుకున్నారా?"

స్టాన్లీ పెన్సిల్ అలవాటుగా ఏడు వైపు పోయింది. చర్చి కింద కూర్చుని ఎన్నేళ్లు అబద్ధం రాస్తాను అనిపించింది. మూడు వేసి, కాగితం బోర్లా పెట్టాడు.

తిప్పారు. జీన్ కాగితం మీదా మూడే.

"మరి ఇన్నాళ్ల ఎనిమిదులూ?" అన్నాడు స్టాన్లీ.

"నీకోసం. మీ నాన్న సీటు కదా, నేను మానేస్తే నువ్వొక్కడివీ దిగులు పడతావని. ఆ స్టేడియం బల్ల మీద కూర్చుంటే నా నడుము నాలుగు రోజులు లేవదు."

"నేను నీకోసం గడ్డకట్టుకుపోతున్నాను. హెలెన్ పోయినప్పటి నుంచి."

"ఆరేళ్లు," అన్నాడు జీన్ నెమ్మదిగా. "ముందే చెప్పుంటే ఆ ఆదివారాలన్నీ మా చెల్లెలింట్లో వేడి సూప్ తాగుతూ కూర్చునుండేవాణ్ణి."

గెలుపు అడిగితే ఎన్నడూ వినని దేవుడు దీన్ని విన్నాడా, లేక ఇది తామే ఎప్పుడో చెప్పుకోవలసిన మాటా? స్టాన్లీకి తేలలేదు. లేచి, కొక్కేనికున్న కోటు దగ్గరికి వెళ్లాడు. సంతకం పెట్టని సీటు కాగితాన్ని జేబులోనే ఉంచి, తొడుగులు తెచ్చి జీన్ ముందు పెట్టాడు.

"ఇక వచ్చే ఆట లేదుగా."

జీన్ వాటిని చేతులకు తొడుక్కుని చూసుకున్నాడు. "ఎడమదానికి చిల్లు పడింది."

"ఇచ్చినప్పుడే ఉంది."

"ఉందిలే," అని జీన్ వాటిని విప్పి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.