రెండు దారాల పతంగి

లాలాపేట్‌లో మా మిద్దె మీద నుంచి గాలిపటం లేచిందంటే చుట్టుపక్కల వాళ్లు తమవి దించుకునేవారు. గొప్పకు చెప్పడం లేదు. సరే, గొప్పకే చెబుతున్నాను. మా ఆటంతా ఖీంచ్‌లోనే ఉంటుంది. అవతలివాడి దారం తగలగానే ఊపిరి బిగబట్టి బర్రున లాగేయడమే. నలభై ఏళ్లొచ్చినా నా చేతులకు ఆ ఒక్క విద్యే వచ్చు.

అలాంటి నన్ను 2008 జూన్‌లో ఒక ఆదివారం దేవానందం ఉప్పల్ భగాయత్ మైదానానికి తీసుకెళ్లాడు. మల్లాపూర్‌లో నేను స్టోర్స్ చూసే ఫ్యాక్టరీలోనే అతను లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. రెండు దారాలతో ఆడించే పాతకాలపు విదేశీ గాలిపటాలు సేకరించడం అతని సరదా. ఎర్రగడ్డ సంతలో తుక్కు కింద పడున్నవాటిని తెచ్చి, బాగుచేసి ఎగరేస్తాడు. అలాంటివి ఏడున్నాయి. ఆరింటికి ఏదో ఒకటి మార్చక తప్పలేదట. ముప్పై ఏళ్ల నాటి ఎర్రది ఒక్కటే, గుడ్డ నుంచి అల్యూమినియం గొట్టాల దాకా, తయారైనప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ఆ గొట్టాలు ఇప్పుడెక్కడా దొరకవు.

"మరి బీరువల దాసుకోక ఎగరేస్తవేంది?" అన్నాను.

"బీరువల పెడితే పతంగి ఎట్లయితది దామోదరన్నా?"

ఆ ఎర్రది లేచాక నా గొప్పలన్నీ మరిచిపోయాను. కుడిచెయ్యి లాగితే కుడికి, ఎడమచెయ్యి లాగితే ఎడమకి తిరుగుతోంది. నేలకు జానెడు ఎత్తులో గడ్డిని రాసుకుంటూ పోయి, నిట్టనిలువునా లేచి సున్నాలు చుట్టింది. ఎవరి దారమూ కోయకుండా ఇంత ఆట ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. ఈర్ష్య కూడా కలిగింది, దాచడమెందుకు?

"జర నాకియ్యి," అన్నాను. ఇచ్చాడు. "కిందికొస్తుంటే గుంజకన్నా. చేతులు ముందుకిచ్చి పతంగి దిక్కు ఉరుకు," అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

నేనా వినేది? నిమిషంలో అది ముక్కు కిందికి పెట్టి దూకింది. నా చేతులు తమకొచ్చిన పనే చేశాయి. బర్రున లాగాను. లాగిన కొద్దీ వేగం పెరిగి నేలను గుద్దుకుంది. నడిగొట్టం రెండు ముక్కలైంది.

దేవానందం ఆ ముక్కలు ఏరి సంచిలో పెట్టుకున్నాడు. తిట్టినా బాగుండేది. "పోదాం పా అన్నా," అన్నాడు, అంతే. ఆ వారమంతా అతని కంటపడకుండా తిరిగాను.

శనివారం తనే వచ్చి రేపు రమ్మన్నాడు. వెళ్లాను. విరిగిన గొట్టాన్ని పారేయలేదు. లోపల సరిపోయేలా సన్నటి కడ్డీని లేత్ మీద చేసి, రెండు ముక్కల్నీ దానికి తొడిగాడు. అతుకు కనబడుతూనే ఉంది. గాలిపటాన్ని లేపి, రెండు దారాల పిడులూ నాకు అందించాడు.

"వద్దు దేవానందం, మళ్ల ఇరగ్గొడ్త."

"నీ చేతులకెల్లి ఆ గుంజుడు పోవద్దా మరి?"

పది నిమిషాలకు మళ్లీ దూకింది. చేతులు లాగబోయాయి. పళ్లు బిగించి, చేతులు ముందుకు చాపి, ఈ పొట్టేసుకుని పరిగెత్తాను. దారాలు వదులై, గాలిపటం గడ్డి మీద మెల్లగా వాలింది. నేనే రాయి తగిలి బోర్లా పడ్డాను.

దేవానందం పరుగున వచ్చాడు. గాలిపటం వైపు చూడనైనా లేదు. నన్ను లేపి, మోకాళ్ల మట్టి దులిపి, పిడులు మళ్లీ నా చేతుల్లోనే పెట్టాడు.

"ఇగ నువ్వే లేపన్నా," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.