యేసుపాదం ముందు పన్ను

నేను ఒక టైటానియం స్క్రూని. పన్ను పోయిన చోట దవడ ఎముకలో బిగించి, పైన పింగాణీ పన్ను తొడగడానికి నన్ను చేశారు. ఫ్యాక్టరీలో కడిగి, చెయ్యి కూడా తగలనివ్వకుండా గాజు గొట్టంలో మూసిపెట్టారు. అంత శుభ్రంగా పుట్టి యేసుపాదం నోట్లో పడ్డాను.

యేసుపాదం చీరాలలో పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. బండి మీంచి పడి ముందు పై పన్ను పోగొట్టుకున్నాడు. అది లేకపోతే క్లారినెట్ నోట్లో నిలవదు. డాక్టర్ నళిని నన్ను బిగించింది. నాలుగు నెలల్లో ఎముక నన్ను గట్టిగా పట్టుకుంది.

"ఆర్నెల్లకోసారి వచ్చి శుభ్రం చేయించుకోండి. ఖైనీ మానేయండి" అందామె.

"అట్టాగేనమ్మా" అన్నాడు. ఒక్కసారి వచ్చాడు, అంతే.

ఇక నా చుట్టూ రోతే. ఖైనీ పిప్పి, మాంసం పీచు, వాటి మీద పేరుకున్న పాచి. చిగురు వాచింది, నెత్తురు కారింది, చీము పట్టింది. ఆ చీములోనే నానాను. క్లారినెట్‌ని మాత్రం రోజూ మెత్తటి గుడ్డతో తుడిచేవాడు మహానుభావుడు!

"ఏందయ్యా ఆ కంపు! నీ పక్కన కూర్చుని ముద్ద మింగలేకపోతన్నా" అనేది భార్య సువార్త.

"గ్యాసులేవే" అని మందుల షాపులో మాత్రలు కొని మింగేవాడు.

ఒక ఊరేగింపులో పాట మధ్యన చీముగడ్డ చితికి నోరంతా నిండింది. పెళ్లికొడుకు కారు ముందే ఉమ్మేశాడు. జనం ముక్కులు మూసుకున్నారు. మర్నాడే సువార్త అతన్ని డాక్టర్ దగ్గరికి లాక్కొచ్చింది.

డాక్టర్ చిగురు కోసి, నా మరల్లో పేరుకున్న గారంతా గీకింది. "సగం ఎముక కరిగిపోయింది. ఇకనుంచి మూడు నెలలకోసారి తప్పకుండా రావాలి" అంది.

రెండుసార్లు వచ్చాడు. నొప్పి తగ్గగానే ఖైనీ మళ్లీ మొదలైంది. ఏడాది తిరిగేసరికి నేను ఊగుతున్నాను. డాక్టర్ వేళ్లతోనే నన్ను పైకి లాగేసింది.

"ఇంకోటి బిగించండమ్మా. ముహూర్తాలు దగ్గర పడ్డాయి."

"దేనికి బిగించమంటారు యేసుపాదం గారూ? అక్కడ పట్టుకోవడానికి ఎముకే లేదు."

సువార్త గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. నర్సు నన్ను పట్టకారుతో ఎత్తి, వాడేసిన సూదుల డబ్బాలో పడేసింది.

ఇన్నేళ్లూ నేనున్న చోటుకంటే అదే శుభ్రంగా ఉంది.