వెనక తలుపు

రిబ్బన్ కట్టి నిలబెట్టిన ఆ పాత సిటీ బస్సును చూడగానే వెర్డెల్‌కు ఒళ్ళు మండిపోయింది. ఆకుపచ్చ రంగు తళతళలాడుతోంది. ఇత్తడి కడ్డీలు తోమిన గిన్నెల్లా ఉన్నాయి. వెనక తలుపు మాత్రం లేదు. అది ఉండాల్సిన చోట రేకు బిగించి, పైన నున్నగా రంగు పూసేశారు.

చలికాలంలో రవాణా మ్యూజియం పెద్ద ఫెల్డర్ ఆమె ఇంటికొచ్చాడు. ఆమె పీచ్ పళ్ళతో చేసిన తీపి రొట్టె రెండు ముక్కలు తిని, "బస్సు అప్పట్లో ఎలా ఉండేదో అచ్చం అలాగే ఉంచుతాం, మొదట ఎక్కేది మీరే" అని మాటిచ్చాడు. ఆ మాట నమ్మి, మోకాళ్ళు సహకరించకపోయినా, పోయిన తల్లి చర్చికి పెట్టుకునే నీలం టోపీ పెట్టుకుని వచ్చింది వెర్డెల్. తల్లి ఎక్కలేకపోయిన వెనక మెట్టు మీద తను కాలు పెట్టాలి. ఆమెకు కావలసింది అంతే.

ఆ రోజుల్లో అలబామాలో నల్లవాళ్ళు ముందు తలుపు దగ్గరి పెట్టెలో టికెట్టు డబ్బులు వేసి, దిగి, బస్సు పక్కనుంచి నడిచి వెళ్ళి వెనక ఎక్కాలి. పద్ధతి అనడానికి నోరు రాని పద్ధతి. ఓ వానపడే ఆదివారం తల్లి ఒఫీలియా డబ్బులు వేసింది, వెనక్కి నడిచింది, పసిపిల్ల వెర్డెల్‌ను ఎత్తి మెట్టు మీద నిలబెట్టింది. తను కాలెత్తేలోపే బస్సు కదిలింది. వెనక సీట్లవాళ్ళంతా బస్సు ఆపమని గంట తాడు లాగారు. డ్రైవరు అద్దంలో చూస్తూనే ఉన్నాడు, ఆపలేదు. అమ్మ టోపీ పట్టుకుని బురదలో పరిగెత్తుతూ, పరిగెత్తుతూ చిన్నదైపోయింది. వెర్డెల్ గుక్కపట్టి ఏడుస్తుంటే ఆ దుర్మార్గుడు ఊరి చివరికొచ్చేదాకా బ్రేకు వేయలేదు.

"రండి రండి వెర్డెల్ గారూ, మీకోసమే చూస్తున్నాం!" ఫెల్డర్ ఎదురొచ్చాడు.

"తలుపేదయ్యా?"

"ఏ తలుపండీ?"

"నా దగ్గర నాటకాలాడకు."

"ఓ, అదా! అక్కణ్ణుంచి వాన నీళ్ళు కారేవండీ. అయినా స్కూలు పిల్లలొస్తారు, ఆ చేదు రోజులు వాళ్ళకిప్పుడు ఎందుకు చెప్పండి? మీరు ముందునుంచే దర్జాగా ఎక్కొచ్చు."

"మా ఇంట్లో ఈ మాట చెప్పలేదేం? నోట్లో పీచ్ పళ్ళు అడ్డమొచ్చాయా?"

"అమ్మమ్మా, బీపీ పెరుగుతుంది, నెమ్మది," అంది చెయ్యి పట్టుకున్న మనవరాలు జనాయా.

"పెరగనీవే! ఇన్నేళ్ళూ నెమ్మదిగానే ఉన్నాగా, ఏం ఒరిగింది?"

మనవరాలి ఆసరాతో ముందు మెట్లెక్కి, పెట్టెలో నాణెం వేసింది. అప్పటికే సీట్లలో కూర్చున్న ఊరి పెద్దలు చప్పట్లు కొట్టారు. జనాయా లోపలే ఉండిపోయింది. వెర్డెల్ గిర్రున తిరిగి దిగి, బస్సు పక్కనుంచి వెనక్కి నడిచింది. చప్పట్లు ఆగిపోయాయి. అరచేత్తో రేకు మీద దబదబా బాదింది. డ్రైవింగ్ సీట్లో ఉన్న మ్యూజియం డ్రైవరు ఆర్లో అద్దంలోంచి ఆమెను చూశాడు.

"అలా చూస్తావేం? డబ్బులు తీసుకున్నావుగా, పోనియ్యి! అప్పటి డ్రైవరు చేసింది అదే. అచ్చం అలాగే ఉంచుతానన్నాడుగా మీ దొర!"

ఆర్లో ఇంజను ఆపేశాడు.

ఫెల్డర్ పరిగెత్తుకొచ్చాడు. "దయచేసి వినండి, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. ఈ బస్సుకి వెనక తలుపే లేకపోతే మా అమ్మ దేని వెంట పరిగెత్తిందయ్యా?"

లోపల జనాయా గంట తాడు లాగింది. మళ్ళీ లాగింది. ఇంకెవరో కూడా లాగారు. ఆర్లో సీటు కింద పనిముట్ల పెట్టె తీసుకుని దిగొచ్చి, ఫెల్డర్ వద్దు వద్దంటున్నా వినకుండా మరలు విప్పడం మొదలుపెట్టాడు.

రేకు ఊడి రోడ్డు మీద పడింది. దాని వెనక ఖాళీ ఉంది, మెట్టు లేదు. దాన్నీ కోసేశారు.

వెర్డెల్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపంతోనే.

"మెట్టు కూడా మింగేశారా! సరే. అది తెచ్చి పెట్టేదాకా ఈ బండి కదలదు," అని తల్లి టోపీ సరిచేసుకుని, వెనక చక్రానికి ఆనుకుని రోడ్డు మీద కూర్చుంది.