అడవి క్యారెట్ నూనె, మామగారి స్పిరిట్

లాబులో అందరూ ఆమెను క్యారెట్టమ్మ అనేవారు. రెండేళ్లుగా రైలు పట్టాల పక్కన ఖాళీ జాగాలన్నీ గాలించి, గొడుగుల్లాంటి తెల్లపూల మొక్కలను వెతికి, ఎండిన గింజలు కోసుకొచ్చేది మరి. మూడు కిలోల అడవి క్యారెట్ గింజలకు ఆవిరి పడితే చిన్న సీసాలో సగానికి నూనె దిగింది. అందులో ఏమేమున్నాయో యంత్రం ముప్పై ఎనిమిది పేర్లతో జాబితా ఇచ్చింది. అన్నిటికన్నా ఎక్కువున్నది కెరటాల్ అనే పదార్థం. ఇక తేలాల్సింది ఒక్కటే: ఈ నూనె బూజును ఆపుతుందా లేదా.

పన్నెండు గాజు పళ్లేలలో బూజుకు మేత పోసి, రెండు రకాల బూజును నాటింది. పదింటిలో నూనె కలిపింది, రెండింటిలో కలపలేదు. నూనె లేనిచోట బూజు ఏపుగా పెరిగితేనే, ఉన్నచోట పెరగకపోవడానికి అర్థం ఉంటుంది.

రెండోరోజు ఆమె కళ్లజోడు ఇంట్లో మరిచిపోయింది. దాన్ని తెచ్చి ఇవ్వడానికి మామగారు బయల్దేరారు. ముప్పై రెండేళ్లు శానిటరీ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన వస్తున్నాడంటే హోటళ్ల వంటగదులు గడగడలాడేవి. ఆయన లాబుకు వచ్చేసరికి కోడలు లేదు. ఫొటోలు తీయాలని పళ్లేలు బల్లమీద పెట్టి, కెమెరా కోసం పక్క భవనానికి వెళ్లింది. మామగారు కాసేపు నిలబడి చూసి, కళ్లజోడు బల్లమీద పెట్టి వెళ్లిపోయారు.

నాలుగోరోజు ఆమె గైడు, అందరూ పెద్దసారు అని పిలిచే ఆయన, నూనె కలిపిన పళ్లేలు తీసి చూశాడు. బూజు ఆనవాలే లేదు.

"నీ నూనె నిప్పమ్మా," అంటూ డైరెక్టరు గదికి పరుగులాంటి నడకతో వెళ్లాడు.

ఆమె మిగిలిన రెండు పళ్లేలు తీసింది. అవీ అద్దాల్లా మెరుస్తున్నాయి. వాటిలోనూ బూజు లేదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మామగారు అడిగారు. "తినకుండా కెలుకుతున్నావేంటమ్మాయ్?"

"నూనె కలపని పళ్లేల్లో కూడా బూజు చచ్చిపోయింది మామయ్యగారూ. ఎందుకో అంతు చిక్కట్లేదు."

"ఎందుకు చావదు? పన్నెండింటికీ మూతలు తీసి, నా సంచిలో ఉండే స్పిరిట్ కొట్టాను కదా."

ఆమెకు పొలమారింది. "మీరా?"

"మరి? నీ బల్లమీద ఎటు చూసినా బూజే. పై అధికారి కంటపడితే నీ పరువేం కాను? నీకు మాట రాకూడదని, ఎవరికీ చెప్పకుండా శుభ్రం చేసి వచ్చాను."

"అది మేం కావాలని పెంచుతున్న బూజు."

మామగారు చెయ్యి కంచంలోనే ఆపేశారు. "జీతాలిచ్చి పెంచుతారా?"

మర్నాడు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని కోడలి వెంట వచ్చారు. తప్పు ఎవరిదో వాళ్లే చెప్పుకోవాలని ఆయన పట్టుదల. జరిగింది విన్న పెద్దసారు ఒక గ్లాసు నీళ్లు తాగాడు, ఇంకో గ్లాసు తాగాడు.

"మీ స్పిరిట్ బాగానే పనిచేస్తుందండీ," అన్నాడు చివరికి.

"డెబ్బై శాతం కదా, చేస్తుంది," అన్నారు మామగారు, నొచ్చుకోకుండా.

పెద్దసారు మళ్లీ డైరెక్టరు గదికి వెళ్లాడు, ఈసారి నెమ్మదిగా. తిరిగొచ్చినప్పుడు చెవులు ఎర్రగా ఉన్నాయి. "మొదట్నుంచీ చెయ్యి," అని మాత్రం అన్నాడు.

చేసింది. మామగారు రోజూ సాయంత్రం వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. ఆయన్ని అలా చూడలేక, ఒక స్కేలు చేతికిచ్చి, మూత తెరవకుండా బూజు ఎంత పాకిందో పైనుంచి కొలవమంది. ఆయన ముత్యాల్లాంటి అక్షరాలతో మిల్లీమీటర్లు రాసిపెట్టారు.

నాలుగోరోజుకు లెక్క తేలింది. నూనె ఒక రకం బూజును సగానికి ఆపింది. రెండో రకం నూనెను పట్టించుకోకుండా పళ్లెం అంచుదాకా పాకింది. ఆమె మొహం చిన్నబోయింది గాని, పెద్దసారు మాత్రం తల ఊపాడు. "ఇది నమ్మొచ్చు. ఉన్నదున్నట్టు రాసెయ్."

మామగారు ఆ రెండో రకం పళ్లెం మీదికి వంగి చూస్తున్నారు.

"వీడికి నీ నూనె ఒక లెక్క కాదమ్మాయ్," అన్నారు. ఆ గొంతులో మెచ్చుకోలుంది. "ఇప్పుడు వీటినేం చేస్తారు?"

"ఆవిరి డబ్బాలో పెట్టి చంపి పారేస్తాం."

ఆయన స్కేలు తుడిచి జేబులో పెట్టుకున్నారు. మళ్లీ తీసి బల్లమీద పెట్టారు.

"రేపు పెట్టకూడదూ?" అన్నారు.

ఆమె ఆ ఒక్క పళ్లేన్ని మళ్లీ బూజు పెంచే పెట్టెలో పెట్టి తలుపు వేసింది.