బావగారి స్వాగతం పేజీ

మా బావ భీమశంకరరావుకి గాజువాకలో ఓ లాడ్జి ఉంది. రెండువేల ఎనిమిదిలో అందులో వైఫై పెట్టించాడు. వారం తిరక్కుండానే పక్క టీకొట్టు దగ్గర కూర్చునేవాళ్లంతా దాన్ని ఉచితంగా వాడేస్తున్నారని తెలిసింది. కడుపుమంటతో, రెండు స్టాపుల అవతల కంప్యూటర్ షాపు నడుపుకునే నాకు కబురెట్టాడు. అక్క మొగుడు పిలిస్తే వెళ్లక చస్తానా!

రిసెప్షన్‌లో ఉన్న విండోస్ కంప్యూటర్‌లో ఏర్పాటు చేసేశాను. ఎవరు వైఫై తగిలించుకున్నా ముందు మన పేజీయే వస్తుంది. పేరు, గది నంబరు కొట్టి, ‘అంగీకరిస్తున్నాను’ అనే బటన్ నొక్కితేనే ఇంటర్నెట్ తెరుచుకుంటుంది. అరపూట పని. అక్కడితో ఆగితే మా బావ ఎందుకవుతాడు?

చేతులు జోడించి నవ్వుతున్న తన ఫొటో పెట్టమన్నాడు. దానిపైన సింహాద్రి అప్పన్న బొమ్మ. కింద స్వాగత వాక్యాలు, ఆ తరవాత శుభాకాంక్షలతో బంధువుల పేర్లు, సినిమా ఆఖర్న వచ్చేవాటిలా పాకుతూ పైకెళ్లాలట. పేరు లేదని భీమిలి పెదనాన్న అలిగాడు, చేర్చాం. ఆయన్ని చేర్చారని తగరపువలస మేనత్త అలిగింది. ఆవిడతో పాటు ఆవిడ వియ్యంకుల్ని కూడా చేర్చాం. పెళ్లికార్డయినా ఎక్కడో ఒకచోట అయిపోతుంది గాని ఇది అవ్వలేదు. అన్నట్టు, పేజీ కట్టిన బావమరిది పేరు మాత్రం అందులో లేదు. నేనేం అలగలేదు లెండి. కాస్త మండింది, అంతే.

జనం చదవకుండానే బటన్ నొక్కేస్తున్నారని బావకి అనుమానం వచ్చింది. పేర్లన్నీ పాకేదాకా బటన్ కనపడకూడదన్నాడు. నీకూ అంతేనా బావా అని అడిగాను.

“నాకయినా అంతేరా. రూలెట్టినోడే తప్పితే ఎలాగ?” అన్నాడు, ఛాతీ విరుచుకుని.

ఇంతలో కూర్మన్నపాలెంలో ఓ కంట్రాక్టు కంపెనీ తమ మెస్సు నడపడానికి ఆన్‌లైన్‌లో టెండర్ పిలిచింది. అది వస్తుందన్న ధీమాతో బావ మా అక్క గౌరీశ్వరి బంగారు గాజులు బ్యాంకులో కుదువపెట్టి, ముందుగానే పెద్ద పెద్ద వంట గుండిగలు కొనేశాడు. టెండర్ రాకపోతే ఆ గాజులు ఇక తిరిగి రావు. కాయితాలన్నీ నా షాపులో కూర్చుని బావ లాప్‌టాప్‌లోనే నింపాం. డిజిటల్ సంతకం కూడా అందులోనే ఉంది. ఆఖరి బటన్ ఒక్కటే మిగిలింది. అది కూడా నొక్కేయమంటే, తన లాడ్జిలో, తన కుర్చీలో కూర్చుని నొక్కుతానన్నాడు. గడువు మర్నాడు మధ్యాహ్నం మూడింటికి. పొద్దున్నే నొక్కరా నాయనా అని నెత్తీనోరూ బాదుకున్నాను. వర్జ్యం పోవాలట.

వర్జ్యం పోయేసరికి మూడు గంటలకి ఇంకా కాస్తే టైముంది. బావ నన్ను పక్కన నిలబెట్టుకుని, దణ్ణం పెట్టుకుని లాప్‌టాప్ తెరిచాడు. మా పేజీ వచ్చి గది నంబరు అడిగింది.

లాడ్జి ఓనరుకి గది నంబరెక్కడిది? రిసెప్షన్‌లో కూర్చునే రోజారమణి గదులన్నీ నిండిపోయాయని చెప్పి, ఆఖరికి మూడో గదిలో దిగిన నీలకంఠం గారి పక్కన అదనపు మంచం కింద మా బావని చేర్చింది. తన లాడ్జిలో తనే గెస్టయ్యాడు మహానుభావుడు!

అప్పుడు ఫొటో వచ్చింది. చేతులు జోడించి నవ్వుతున్నాడు. స్వాగత వాక్యాలు నింపాదిగా పాకడం మొదలెట్టాయి. ఆపరా అని బావ అరిచాడు. ఆపాలంటే రిసెప్షన్ కంప్యూటర్ కట్టేసి మళ్లీ తెరవాలి, ఆ విండోస్ లేచేసరికి మూడు దాటిపోతుందని చెప్పాను. పెదనాన్న వెళ్లాడు. మేనత్త వెళ్లింది. వియ్యంకులు ఒక్కొక్కరే తీరిగ్గా వెళ్తున్నారు. బావ లేని బటన్ కోసం తెరంతా నొక్కుతున్నాడు. నాకు నవ్వాగలేదు.

వెనక్కి తిరిగితే గుమ్మంలో మా అక్క. చేతులకి మట్టిగాజులు.

చివరికి బటన్ వచ్చింది. బావ నొక్కాడు. టెండర్ పేజీ తెరుచుకుని, గడువు ముగిసిందని చూపించింది. పేజీ కట్టిన నన్ను తిట్టబోయి, రూలెట్టింది తనేనని గుర్తొచ్చి ఆగిపోయాడు.

ఆ పేజీని అక్క అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు గుమ్మంలో నిలబడి మొదట్నుంచీ చివరిదాకా చూసింది. మొగుడి దగ్గరికి వచ్చి మెల్లిగా అడిగింది.

“ఇంతమందొచ్చారు గదా, నా పేరు రానేదేటి?”